రెండో పంకా

పోశాలు ఎడమచేత్తో మోటరు పిడి పట్టుకుని, కుడిచేత్తో తెడ్డు వేస్తున్నాడు. మోటరు పడవకు తెడ్డు వేసే మనిషి ఘనపురం చెరువు మొత్తంమీద ఇతనొక్కడే. పాత అలవాటు పోలేదని గట్టుమీది వాళ్లు నవ్వుకునేవారు. అలా అనుకోవడమే అతనికి కావాలి.

ముప్పై ఏళ్లు తెడ్డేసిన మనిషి. భుజాలు ఇంకా తలుపు చెక్కల్లాగే ఉన్నాయి గానీ లోపల గుండె మొరాయిస్తోంది. తెడ్డు ముట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. సరిగ్గా ఆ ఏడే, ఎనభై రెండులో, చేపల సొసైటీకి మోటరు పడవ వచ్చింది. నడపడం పోశాలుకు అప్పగించారు. అతని భార్య నీలి, గంగమ్మ తల్లికి కొబ్బరికాయ కొట్టింది. అయినా నమ్మకం లేక, పడవ గట్టు చేరగానే తెడ్డు తడిమి చూసేది. తడిగా ఉంటే ఆ పూట మొగుడితో మాటల్లేవు.

మోటరుతో, నీళ్లను వెనక్కి తోసే పంకాలు రెండు వచ్చాయి. ఒకదాని రెక్కలు బాగా మెలి తిరిగి ఉంటాయి, రెండోదానివి కాస్తే. నడిపి చూసి ఏదో ఒకటి తేల్చమన్నారు. పూజ కాకుండా కొత్త పడవలోకి వల ఎక్కించకూడదు కదా, అందుకని ఖాళీ పడవతోనే చూశాడు. మెలి ఎక్కువున్న పంకాతో పడవ నీటికోడిలా దూసుకుపోయింది. గట్టంతా ఈలలు. పోశాలు జన్మలో అంత పొంగిపోయింది లేదు.

"గిదే బిగిస్తున్న" అన్నాడు అందరి ముందూ.

తడిసిన వలలు, చేపల గంపలు ఎక్కాక తెలిసింది సంగతి. మోటరు మూలిగింది, నల్లపొగ కక్కింది, వేగం మాత్రం అందుకోలేదు. తప్పు ఒప్పుకుంటే పిడి ఇంకొకరి చేతికి పోతుంది, తనకు మళ్లీ తెడ్డే గతి. ఆ తెడ్డు తప్పించుకోవడానికే పాపం ఇప్పుడు తెడ్డు వేస్తున్నాడు.

ఆ పొద్దున వల పైకి లాగేసరికి పోశాలు ముఖమంతా చెమటలు. జతగాడు బుచ్చి అది చూశాడు.

"అన్నా, ఆ పంకా నీళ్లను పెద్ద బుక్క తీస్తున్నది. బరువుమీద మోటరు మింగలేకపోతున్నది. మెలి తక్కువది బిగిద్దాం."

"సొసైటోళ్లకు ఏం చెప్పాలె?"

"బుచ్చిగాడే మార్చిండని చెప్పు. పానం కంటె ఇజ్జత్ ఎక్కువనా?"

పోశాలు చెమట తుడుచుకున్నాడు. "వద్దు తమ్మీ. తప్పు చేసింది నేను. నేనే చెప్త."

రెండో పంకా పడవ అడుగున గోనెలోనే ఉంది. ఇన్నాళ్లూ దాన్ని వెంటే తిప్పుకున్నాడు. చెరువు మధ్య మిట్టకు పడవ ఆనించి, మోటరు పైకెత్తి, పిన్ను లాగి, నట్టు విప్పి మార్చాడు.

నిండు బరువుతో పడవ కదిలింది. దూసుకుపోలేదు గానీ మూలుగు లేదు, పొగ లేదు. పోశాలు తెడ్డు పక్కన పడేసి వెనక్కి వాలాడు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది.

"చూసినవా బుచ్చీ, ఎంత నిమ్మలంగ పోతున్నదో!"

గట్టు దగ్గరపడింది. గంపతో నీలి నిలబడి ఉంది.

"జర తగ్గించన్నా" అని ముందు నుంచి కేకేశాడు బుచ్చి. మోటరు తగ్గలేదు. పడవ తుంగలోకి ఎక్కి ఆగిపోయింది. బుచ్చి వెనక్కి తిరిగి చూస్తే, పోశాలు వాలినట్టే వాలి ఉన్నాడు. చెయ్యి పిడి మీదే ఉంది. ఊపిరి లేదు.

మనుషులు అతన్ని మోసుకుని గట్టెక్కారు. నీలి ఏడవడం కూడా మరిచి పడవలోకి దిగింది. రోజూ చేసినట్టే తెడ్డు తడిమింది.

ఎండకు ఆరి, తెడ్డు పొడిగా ఉంది.