కంప్యూటరులో మగ్గం

మా కోడలు కాలేజీలో నేతపనివాళ్ళ బతుకుల గురించి పాఠం చెబుతుంది. ఆ పాఠానికి పిల్లలు రావడం మానేశారు. పాఠం తీసేస్తే దానితోపాటు మా కోడల్నీ తీసేస్తారు. మా అబ్బాయి పోయిన దగ్గర్నుంచి ఇల్లు ఆమె జీతం మీదే నిలబడింది. అందుకని తెలిసినవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి నేర్చుకుని, పిల్లల్ని మళ్ళీ రప్పించడానికి ఒక కంప్యూటరు ఆట తయారుచేసింది. ఆటలో ఒక ఇల్లు. ఇంట్లో ముసలమ్మ కండెలకు నూలు చుడుతుంటుంది. ఆడేవాడు మగ్గం మీద కూర్చుని గుడ్డ నేయాలి. అదంతా నన్ను అడిగి పెట్టిందే. నేను పెద్దగా మాట్లాడను. అడిగినదానికి చెప్పాను.

ప్రిన్సిపాలు ఒక షరతు పెట్టాడు. ఎప్పుడూ కంప్యూటరు ముట్టని మనిషి ఆ ఆటను ఒక్క పీరియడ్‌లో పూర్తిచెయ్యాలి. తయారుచేసినవాళ్ళు పక్కన నోరు విప్పకూడదు. అలా అయితేనే క్లాసులో పెడతారు.

"మామయ్యా, మీరే కూర్చోవాలి," అంది కోడలు.

"నేనా?"

"మగ్గం తెలిసి, మౌస్ తెలియనివాళ్ళు మీకంటే ఎవరు దొరుకుతారు?"

నవ్వింది గానీ, చేతిలో కొంగు నలిగిపోతోంది.

కంప్యూటర్ల గది చల్లగా ఉంది. చొక్కా గుండీలు పైదాకా పెట్టుకుని, మౌస్ పట్టుకుని కూర్చున్నాను. వెనకాల ప్రిన్సిపాలు, కంప్యూటర్ల మాస్టారు. కోడలు గోడవారగా నిలబడింది.

"అంత గట్టిగా పట్టుకోకండి పెద్దాయనా, అదేం పారిపోదు," అన్నాడు మాస్టారు.

నొక్కితే పేక పోగు మోసే నాడె అటు పోయింది. మళ్ళీ నొక్కితే ఇటు వచ్చింది. గుడ్డ పెరిగింది. ఇంతేనా అనుకున్నాను. అప్పుడు పోగు తెగింది.

తెగిన కొస పట్టుకుని అతకాలి. బొమ్మలో కొస వెంట్రుకంత ఉంది. మౌస్ జారి పక్క పోగు పట్టుకున్నాను. మళ్ళీ అంతే. కింద 'వదిలి ముందుకు' అని ఒక మీట ఉంది. కూడబలుక్కుని చదివాను. వదలడమేమిటి? ఎలాగో అతికాను. కాస్త నేశానో లేదో ఇంకోటి తెగింది. దాన్నీ అతికాను.

"ఆ మీట నొక్కొచ్చుగా," అని మాస్టారు గొణిగాడు. కోడలు గొంతు సవరించుకుంది. ప్రిన్సిపాలు ఆమె వైపు చూశాడు. ఆమె తల దించుకుంది.

బెల్లు కొట్టారు. గుడ్డ సగంలో ఉంది.

"నేతగాడికే కాలేదంటే పిల్లల వల్ల ఏమవుతుందమ్మా?" అంటూ ప్రిన్సిపాలు లేచాడు.

కోడలి ముఖంలో నెత్తురు చుక్క లేదు. నాకు మాట ఎలా పెగిలిందో తెలియదు.

"అయ్యా, ఇంకొక్కసారి కూర్చుంటాను. ఈసారి ఎన్ని తెగినా వదిలేస్తాను."

"మామయ్యా, వద్దు," అంది కోడలు.

"నువ్వుండమ్మాయ్."

గది ఇంకో పీరియడ్ ఖాళీగానే ఉంది. జాలిపడ్డాడో ఏమో, ప్రిన్సిపాలు సరేనన్నాడు.

పోగు తెగింది. మీట నొక్కాను. ఇంకోటి తెగింది. నొక్కాను. గుడ్డ పరుగెత్తింది. "అద్దీ!" అన్నాడు మాస్టారు. బెల్లుకి చాలా ముందే ఆఖరి అంచు దాకా వచ్చేశాను. చెమట తుడుచుకుని కోడలి వైపు తిరిగాను. ఆమె కళ్ళు మూసుకుని ఉంది.

తెర మీద ముసలమ్మ గుడ్డను కోసి వెలుగుకు పట్టింది. పోగు వదిలిన చోటల్లా చీలుకుంటూ పోయి, గుడ్డ పీలికలై రాలింది. ఆట మళ్ళీ మొదటికొచ్చింది.

పోగు వదిలితే గుడ్డ నిలవదని కోడలికి చెప్పింది నేనే. చెప్పింది చెప్పినట్టు పెట్టింది.

"ఇదేం ఆటమ్మా?" ప్రిన్సిపాలు నవ్వబోయి ఆగాడు. "అతికితే పీరియడ్ చాలదు. వదిలితే గుడ్డ దక్కదు. పిల్లలు నేర్చుకునేదేమిటి?"

"అదే సార్," అంది కోడలు. "అదే నేర్చుకోవాలి."

"మరి మార్కులెలా వేస్తావు?"

కోడలు తెర వైపు చూసింది. "దీన్ని పాఠంగా పెట్టలేం," అని ఆయన వెళ్ళిపోయాడు.

"లేవండి పెద్దాయనా, గదికి తాళం వేయాలి," అన్నాడు మాస్టారు.

నేను మౌస్ వదల్లేదు. నాడె నొక్కాను. పోగు తెగింది. కొస కోసం వెతుకుతున్నాను. కోడలు వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"పోదాం మామయ్యా."

నా చేతిని మౌస్ మీంచి తీయబోయింది.

"ఇదొక్కటీ అతికి వస్తానమ్మాయ్," అన్నాను.