ఫెయిలైన అతుకు

మూడోసారి కూడా ఆ పిల్ల అతికిన కమ్మీల చట్రాన్ని సారు అటూ ఇటూ తిప్పి చూసి, పాత ఇనుము కుప్ప మీదికి గిరాటేశాడు.

"అతుకు గట్టిగా లేదమ్మా. ఫెయిల్. ఇంకో ఆరు నెలలు నేర్చుకో."

చూస్తున్న మిగతా పందొమ్మిది మందీ తలలు దించుకున్నారు. వాళ్లదీ అదే గతి. డిగ్రీలు కూడు పెట్టవు, చేతిపని ఏడాదిలో నిలబెడుతుందని ఇల్లిల్లూ తిరిగి తన వెల్డింగ్ స్కూల్లో చేర్చుకున్నది ఈ సారే. ఆ మాట నమ్మి ఆ పిల్ల కాలేజీ సీటు వదులుకుంది. రెండేళ్లయింది. పాసు కాగితం లేదు, అది లేనిదే పని ఇచ్చేవాడూ లేడు.

ఒక్క మంచి అలవాటు మాత్రం నేర్పాడు మహానుభావుడు. చేసిన చేతికి గుర్తుండాలని అతుకు పక్కన ఎవరి ముద్ర వాళ్ల చేత కొట్టించేవాడు. ఆ ముద్రలే పేర్లయిపోయాయి. ఒకడు బాణం, ఒకడు నిచ్చెన, ఈ పిల్ల మూడుచుక్కలు.

మర్నాడు మూడుచుక్కలు కొత్త కాలేజీకి వెళ్లింది. చదవడానికి కాదు, అక్కడ ఊడ్చే తల్లికి అన్నం క్యారియరు ఇవ్వడానికి. మెట్లెక్కుతూ పక్కనున్న కమ్మీ పట్టుకుంటే వేళ్లకి గరుగ్గా ఏదో తగిలింది. వంగి చూసింది. మూడు చుక్కలు. పై మెట్టు దగ్గర బాణం. ఆ పైన నిచ్చెన.

"అమ్మా, ఇవెవరు బిగించారే?"

"ఇంకెవరు, మీ సారే. ఈ కాంట్రాక్టు ఆయనదేగా. నీకు చెప్పలేదూ?"

ఫెయిలని కుప్పలో పారేసిన తన అతుకు మీద ఆ పిల్ల మళ్లీ వేలు పెట్టి చూసింది. తండ్రి పోయాక తండ్రంతగా నమ్మిన మనిషి. కంచే చేను మేసింది.

సాయంత్రం వెల్డింగ్ షెడ్డు వెనక అందరూ చేరారు.

"కోర్టుకెళ్దాం."

"వెళ్దాం. మన మనవలకి తీర్పొస్తుంది," అన్నాడు నిచ్చెన.

"పోనీ, కాళ్లు పట్టుకుందాం," అన్నాడు బాణం.

"పట్టుకున్నవాణ్ణి పాసు చేసి, మిగతావాళ్లని అతకడానికి ఉంచుకుంటాడు. కాళ్లొద్దురా, ఆయన మాటే పట్టుకుందాం. ఫెయిలన్నాడుగా," అంది మూడుచుక్కలు.

తెల్లారి ఇరవై మందీ కాలేజీ మెట్ల మీద కూర్చున్నారు. ప్రతి ముద్ర చుట్టూ సుద్దతో సున్నా చుట్టారు.

"ఎక్కకండి బాబూ. ఇవి ఫెయిలైన అతుకులు."

విద్యార్థులు నవ్వారు. "ఫారిన్ సరుకని చెప్పారే మాకు?"

"ఫారినే. ఆ గోడ దాటితే మా షెడ్డు."

ఈసారి నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

సారు పోలీసులతో వచ్చాడు. ఆ పిల్ల పక్కకి వంగి గొంతు తగ్గించాడు. "తల్లీ, నీ కాగితం రేపే ఇస్తాను. లే."

"అందరూ వినేట్టు చెప్పండి సారూ. ఈ అతుకు పాసా, ఫెయిలా?"

పాసంటే ఇరవై మందికీ కాగితాలివ్వాలి. ఫెయిలంటే మెట్ల కమ్మీలన్నీ పీకాలి. సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పెట్టుకుని, ఆ పిల్ల మొహం చూడకుండా పోలీసులతో అన్నాడు:

"లాగెయ్యండి."

ఆమె కమ్మీని కావలించుకుంది. నలుగురు పోలీసులు లాగారు. చొక్కా చెయ్యి చిరిగింది, మోచెయ్యి చెక్కుకుపోయింది. అతుకు కదల్లేదు.

తల్లి చీపురు కింద పడేసి వచ్చి, కూతురి చేతుల పక్కనే తన రెండు చేతులూ వేసింది.

"గట్టిగానే ఉందే, సారూ," అంది.

పైమెట్ల మీద విద్యార్థులు ఒక్కొక్కరే పుస్తకాలు కింద పెట్టి కమ్మీ పట్టుకున్నారు.