సైదమ్మ వడ్లు తూచిన రోజు

“ముప్పై ఒకటో బస్తా,” అన్నాడు రాంచందర్. హమాలీ రజాక్ ఆ బస్తాను కాంటా మీంచి దించి ఇంకోటి ఎత్తాడు.

నల్గొండ మార్కెట్ యార్డులో ముప్పై ఏళ్లుగా ధాన్యం తూచే దడ్వాయి రాంచందర్. ఒక రైతు రాశి తూకం మొదలుపెట్టినవాడే ముగించాలి. మధ్యలో లేస్తే తూచిన బస్తాలన్నీ మళ్లీ మొదటినుంచి తూచాలి. అది హమాలీలూ దడ్వాయిలూ పెట్టుకున్న కట్టుబాటు.

రెండేళ్లుగా ఆ కట్టుబాటే ఆయనకు గండం. గ్లాసుడు నీళ్లు తాగితే మూడుసార్లు ఒంటికి లేవాలి. లేచినా చుక్కలే. అందుకని పగటిపూట నీళ్లు మానేశాడు. లెక్క సరిపోయిందనుకున్నాడు. పెదాలు పగిలాయి, పాదాలు ఉబ్బాయి. సిగ్గుతో భార్యకు కూడా చెప్పలేదు.

“అన్నా, ఇయ్యాల నల్లా బందైందా ఏంది? లేస్తలేవు!”

హమాలీలు నవ్వారు.

“నోరు మూసి ఎత్తురా.”

రజాక్ అన్నది నిజమే. దుమ్ముకు పట్టిన జలుబుకు పొద్దున మందుల దుకాణంలో మాత్ర అడిగి వేసుకున్నాడు. అప్పటినుంచి లేవాల్సిన పని పడలేదు. మాత్ర దీనికీ పనిచేస్తోందని సంతోషపడి మధ్యాహ్నం ఇంకోటి మింగాడు. ఈ రాశికి ముందు గోడచాటుకు వెళ్లి ఎంతసేపు నిలబడ్డా చుక్క రాలేదు. ఇప్పుడు పొత్తికడుపు రాయిలా గట్టిపడింది.

ఈ రాశి రైతు సైదమ్మది. మూడు రోజులుగా వడ్ల దగ్గరే పడుకుంటోంది. పడమట మబ్బు లేస్తోంది.

“అన్నా, గా చెమటలేంది? మా ఆయన గిట్లనే దాసిపెట్టి పానం మీదికి తెచ్చుకున్నడు. లేసి దవాఖానకు పో. నా వడ్లు రేపు జోకుతరు తియ్.”

“వాన కొడితే?”

“కొట్టనీ.”

రాంచందర్ మబ్బు వైపు చూశాడు. తడిసిన వడ్లను ఎవరూ ముట్టుకోరు. ఇంకా పదిహేడు బస్తాలు. బస్తాకు నిమిషం.

“ఎత్తు,” అన్నాడు.

నలభై ఎనిమిదో బస్తాకు అంకె చదవలేకపోయాడు. రజాక్ అంకె చదివాడు, ఆయన తలూపాడు. తర్వాత లేవబోయి లేవలేకపోయాడు. రజాక్, సైదమ్మ చెరో రెక్క పట్టుకుని ఆటో ఎక్కించారు.

దవాఖానలో మూత్రానికి గొట్టం వేశారు. జలుబు మాత్రతో మూత్రం పూర్తిగా బిగిసిందని, మూత్రపిండాలు ఎప్పటినుంచో చెడిపోతున్నాయని అన్నారు. ఐదో రోజు తెల్లవారుజామున పోయాడు.

వడ్లు తూచిన సాయంత్రం వాన మాత్రం రాలేదు. ఆటో వెళ్లిపోయాక, ఆయన లేస్తూ చెయ్యి ఆనించిన ఖాళీ కాంటా మీద ఆయన భుజం మీది తువ్వాలు ఉండిపోయింది. ఎర్ర అంకెలు నూట అరవై గ్రాములు చూపిస్తున్నాయి.