పచ్చ తాళం బొమ్మ

మా చీమ సంగతి మీకు తెలీదు కదూ. తప్పు ఏ మూల దాక్కున్నా పాక్కుంటూ పోయి పట్టుకుంటుందని ఆఫీసులో అందరూ పెట్టిన పేరది. ఆస్పత్రుల్లో రోగుల రిపోర్టులన్నీ దాచే సాఫ్ట్‌వేర్ వాళ్లది. బయటికి పంపే ముందు పరీక్ష చేసేది చీమే. అలాంటి పిల్ల ఆ రోజు పొద్దున్నుంచీ మంచినీళ్లు కూడా ముట్టలేదంటే చూస్కోండి మరి.

ఎవరో బయటి మనిషి ఉత్తరం రాశాడు. మీ తెర మీద తాళం బొమ్మ పచ్చగా వెలుగుతోంది గానీ లోపల ఫైళ్లకి తాళమే పడట్లేదు, ఎవడైనా చదివేయొచ్చు అని. సాయంత్రం ఐదింటిలోగా జవాబు రాకపోతే అందరికీ చెప్పేస్తానన్నాడు.

పెద్దసారుకి వెనకాల పేరు సర్దుబాటు. ఇల్లంటుకున్నా చలి కాచుకుంటున్నాం అని నమ్మించగలడు మహానుభావుడు. ఆయన తేల్చేశాడు: తప్పు మనది కాదు, ఆస్పత్రుల వాళ్లే ఆ సెట్టింగు ఆపేసుకుని ఉంటారు, అలా రాసి చీమ చేత సంతకం పెట్టించండని.

సంతకం పెట్టే ముందు చీమకి మనసొప్పలేదు. ప్రతి ఆస్పత్రికీ పంపే సెట్టింగుల ఫైలు తెరిచింది. తాళం వేయొద్దు అని ఒక వరుస. పక్కనే చిన్న గమనిక: పరీక్ష తొందరగా అవ్వాలని ఆపాను, తర్వాత ఈ వరుస తీసేయాలి. కింద తన పేరే. మూడేళ్ల కిందటిది.

అప్పుడు గుర్తొచ్చింది చీమకి. తాళాలు వేస్తూ తీస్తూ పరీక్ష నత్తనడక నడుస్తోందని తనే ఆపింది, తనే మర్చిపోయింది. అదే ఫైలు నాలుగొందల ఆస్పత్రులకి పోయింది. ఆ బొమ్మేమో తాళం పడిందా లేదా అని చూడకుండానే వెలుగుతుంది, సిగ్గులేకుండా.

అప్పుడే పిన్ని ఫోను.

"స్కానింగు అయిపోయిందే. మీ బాబాయికి మాత్రం చెప్పకు, మోకాలి నొప్పని చెప్పి వచ్చా."

చీమ ఏ ఆస్పత్రి అని అడిగింది. పిన్ని చెప్పిన పేరు ఆ నాలుగొందల్లో ఉంది.

"రిపోర్టు ఇంకెవరికీ కనపడదులే. కంప్యూటర్లో పచ్చ తాళం చూపించారు. మీరు చేసిందేనటగా? మా అక్క కూతురని గొప్పగా చెప్పుకున్నా."

చీమ ఊ అని పెట్టేసింది. జవాబు రాయడానికి కూర్చుంది.

ఐదుకి పావుగంట ఉందనగా సర్దుబాటు వచ్చి వెనక నిలబడ్డాడు. తెర మీద రెండు ముక్కలున్నాయి: ఫిర్యాదు నిజం. తాళం ఆపింది నేను.

"నీ పేరెందుకమ్మా, ఉద్యోగం పోతే? పోనీ, ఎవరో పొరపాటు చేశారని రాద్దాం."

"గమనికలో నా పేరుందండీ. ఉత్తరం రాసినతను అది చదివే ఉంటాడు. అయినా నేనే రాయాలి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. చీమ పంపు మీట నొక్కేసింది.

తర్వాత ఆస్పత్రుల జాబితా ముందేసుకుంది. పిన్ని వెళ్లింది రెండొందల పదమూడోది. అయినా ముందు దానికే కలిపింది. ఫోను మోగుతూనే ఉంది. ఐదోసారికి ఎవరో ఎత్తారు.

"అమ్మా, కాస్త మీ కంప్యూటరు ముందు కూర్చోండి. నేను చెప్పేదాకా ఆ పచ్చ బొమ్మని నమ్మకండి."