అన్నయ్య టార్చి

కొట్లో బట్ట కోసేది చెల్లెలు, కుట్టేది అన్నయ్య. వయసుకి అతనే పెద్ద. అయినా గుమ్మమెక్కినవాళ్ళంతా "కటింగ్ మేడమ్ ఉన్నారా?" అనే అడిగేవాళ్ళు. అతను నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు వెనక ఏముందో ఎవరు చూడొచ్చారు!

వాళ్ళ నాన్న పెట్టిపోయిన పద్ధతి ఒకటుంది. ఒకరు సుద్దతో గీత గీస్తే రెండోవాళ్ళు చూసి "బాగుంది, కొయ్యి" అన్నాకే కత్తెర పడాలి.

ఓ రోజు అటక మీది బట్టల తాను జారి చెల్లెలి నెత్తిన పడింది. మెదడుకి తగిలింది చిన్న దెబ్బేనన్నారు ఆస్పత్రిలో. ఆమె మగతగా ఉండడంతో డాక్టరు జాగ్రత్తలన్నీ అన్నయ్యకే చెప్పాడు.

"ఏం లేదు చెల్లాయ్, రోజూ సాయంత్రం కళ్ళలో టార్చి వేసి చూడమన్నాడు, అంతే" అన్నాడు అన్నయ్య.

అలాగే రోజూ వేసేవాడు. ఆమె చిన్నపిల్లలా కళ్ళు పెద్దవి చేసుకుని కూర్చునేది. "బాగుంది. నీ కళ్ళకేం, దివ్యంగా ఉన్నాయి" అనేవాడు. అమ్మ పోయాక తనని ఇంతలా కనిపెట్టి చూసుకున్నవాళ్ళు లేరని ఆమె మురిసిపోయేది.

ఏం బాగు, నా మొహం బాగు! టేపు మీద అంకెలు అలుక్కుపోయేవి. వీధి వైపు చూసి మళ్ళీ బట్ట మీదికి చూపు దించితే, అది తేటపడేసరికి తల పగిలిపోయేది. అయినా గీసేది. అన్నయ్య వంగి చూసి "బాగుంది, కొయ్యి" అనేవాడు. కోసేది. తీరా చూస్తే కోటు చంక దగ్గర పట్టేసేది.

గీత అన్నయ్య చూసిందే కదా, కత్తెరే తప్పిందనుకునేది పిచ్చిది. "మా చెల్లి చెయ్యి పోయిందండీ, ఇకమీదట నేనే కోస్తాను" అని గిరాకీలకి అతను సర్దిచెబుతుంటే తలకొట్టేసినట్టయ్యేది. "నా వల్ల నీకెన్ని మాటలు అన్నయ్యా" అని అతని చేతులు పట్టుకుని ఏడ్చింది కూడా.

చివరికి, చదువుకునే కళ్ళద్దాలన్నా వేయించుకుందామని ఎవరికీ చెప్పకుండా కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళింది. ఆవిడ చిన్న లైటు వేసి రెండు కళ్ళూ చూసింది. పెన్ను ముక్కు దాకా తెచ్చి చూసింది.

"తలకి దెబ్బేమైనా తగిలిందా అమ్మా?"

"తగిలిందండి."

"లైటు వేస్తే కంటిపాప చటుక్కున ముడుచుకోవాలి. నీది బద్ధకంగా కదులుతోంది. దగ్గరి వస్తువు మీద చూపు నిలవట్లేదు. అద్దాలొద్దు, కళ్ళకి విశ్రాంతి కావాలి. మెల్లగా సర్దుకుంటుంది. ఆస్పత్రివాళ్ళు చెప్పలేదా?"

"మా అన్నయ్య రోజూ టార్చి వేసి చూస్తాడండీ..."

"మరి ఎందుకు చూడాలో కూడా చెప్పే ఉంటారు కదమ్మా."

కాదు, అన్నయ్యకి ఆ తేడా కనపడలేదేమో అనుకుందామె. ఆ ఒక్క ఆశ పట్టుకుని కొట్టుకి వచ్చింది. అన్నయ్య తన కోటు కోసం దాచుకున్న ఖరీదైన బట్టని బల్ల మీద పరిచింది. చంక దగ్గర కావాలనే గీతని కొంచెం పక్కకి లాగింది. గిరాకీల కోట్లలో తప్పిందీ అంతే.

"అన్నయ్యా, నీ కోటే. చూసి చెప్పు" అని కత్తెర తెరిచింది.

అతను ఇలా చూశాడో లేదో, "ఆగాగు! చంక దగ్గర వంకర పోయింది, కనపడట్లా? నా బట్ట నాశనం చేస్తావా!" అని అరిచాడు.

ఆమె కత్తెర మూసింది.

"నీకు కనపడుతుందన్నమాట" అంది.

అతను అలవాటుగా సొరుగులోంచి టార్చి తీశాడు. "ముందు కూర్చో చెల్లాయ్, కళ్ళు చూస్తాను" అన్నాడు.

రోజూ ఆ వెలుగు ముందు తను ఎంత నమ్మకంగా కళ్ళు విప్పి కూర్చుందో ఆమెకి గుర్తొచ్చింది. కత్తెర సంచిలో వేసుకుని, కళ్ళకి ఎండ తగలకుండా కొంగు నుదుటి మీదికి లాక్కుని గుమ్మం దిగింది.