ఏడో నంబరు మిషన్‌లో సోమయ్య

పరమేష్ రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ తాళం తీసి, మిగతావన్నీ వదిలేసి ముందు ఏడో నంబరు మిషన్ పెట్టేవాడు. నల్ల తెర మీద రెండక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే ప్రోలాగ్ అనే కంప్యూటర్ భాష లేచేది. లేవగానే అది అందరికీ చెప్పే నాలుగు వరసల స్వాగతాన్ని పరమేషే మాన్పించాడు. దాని బదులు ఒక ప్రశ్న, ఒక జవాబు వచ్చేట్టు పెట్టుకున్నాడు. సోమయ్య బతికున్నాడా? యెస్.

సోమయ్య అతని అన్న. ఏడేళ్ల కింద, హైదరాబాద్‌లో అద్దాల మేడలు వరసపెట్టి లేస్తున్న రోజుల్లో, మంచాల స్టాండులో బస్సెక్కి సెంట్రింగ్ పనికి మాదాపూర్ పోయాడు. మళ్లీ రాలేదు. శవమూ రాలేదు, కబురూ రాలేదు. పని మానేసి పోయాడని మేస్త్రీ అన్నాడు. తోటివాళ్లు తలో మాట చెప్పారు. ఊరు మాత్రం ఏడాది తిరక్కుండానే సోమయ్యను చంపేసింది. పరాయి ఇంటి చావు తేల్చడంలో ఊరికున్న తొందర ఎవరికుంటుంది?

ఇబ్రహీంపట్నం చుట్టూ చెలకల్లో అప్పుడే ఇంజనీరింగ్ కాలేజీలు మొలుస్తున్నాయి. అలాంటి ఒకదాంట్లో పరమేష్ ల్యాబ్ అసిస్టెంట్. డిగ్రీ తప్పాడు గాని చెయ్యి చురుకు. గుడివాడ వైపు నుంచి వచ్చిన రామారావు సార్ అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఈ భాష నేర్పాడు.

"దీనికి ఎలా చెయ్యాలో చెప్పక్కర్లేదయ్యా. నీకు తెలిసింది చెప్పు చాలు, దాన్నిబట్టి అడిగింది అదే తేలుస్తుంది. ముందు మీ ఇంటివాళ్ల పేర్లు రాసుకో."

రాశాడు. నారయ్య భార్య మైసమ్మ. వాళ్ల కొడుకులు సోమయ్య, పరమేష్. సోమయ్య భార్య తిరుమల. అన్నిటి కింద సార్ ఒక సూత్రం రాయించాడు. చనిపోయినట్టు ఎక్కడా రాసి లేకపోతే ఆ మనిషి బతికున్నట్టే. ప్రతి వాక్యానికీ చివర చుక్క పెట్టాలి, చుక్క పడేదాకా మిషన్ కదలదు. ఇదంతా ప్రోలాగ్ లేచేటప్పుడు చదువుకునే ఫైల్లో పెట్టించాడు. "ఈ ఫైల్లో ఉన్నదే దానికి రేపు గుర్తుంటుంది. తెర మీద పైపైన చెప్పింది, మూసేస్తే పోతుంది," అన్నాడు.

ఆ మాటలన్నీ పరమేష్‌కు బాగానే అర్థమయ్యాయి. అయినా తప్పు చేశాడు. కొడుకు మీద బెంగతో మైసమ్మ మంచం పట్టినప్పుడు ఆమెను ఆటోలో తెచ్చి ఈ మిషన్ ముందు కూర్చోబెట్టాడు.

"ఏమంటుంది బిడ్డా?"

"ఉన్నడంటుందే అవ్వా."

మైసమ్మ ఆ జవాబును కొంగున ముడేసుకుని ఊరికి పోయింది. మూడోనాటికి లేచి అన్నం తిన్నది. ఇంటికి రాని మనిషికి గడ్డితో బొమ్మ చేసి కాష్టం పెట్టడం వాళ్ల వాడుక. ఆ ముచ్చట ఎత్తిన పెద్దమనుషుల్ని చీపురు పట్టుకుని తరిమింది. కాలేజీ మిషన్ చెప్పిందంటే ఎదురు మాట్లాడే మొనగాడు ఊళ్లో లేడు. పరమేష్ కూడా నోరు మూసుకున్నాడు. తల్లి తింటున్నది, అంతకంటే ఏం కావాలి అనుకున్నాడు. వదిన ఏం తింటున్నదో, ఎట్లా పడుకుంటున్నదో చూడలేదు. ఆ సంగతి తలుచుకుంటే అతనికి ఇప్పటికీ సిగ్గే.

రెండేళ్లు గడిచాయి. బొంగులూరు దగ్గర వెంచర్లలో గోడలు కట్టే సుతారి పని చేసే జంగయ్య, పెళ్లాం పోయినవాడు, తిరుమలను అడిగించాడు. మారుమనువు వాళ్లలో తప్పు కాదు. కానీ మొగుడు పోయి ఉండాలి కదా. "మొగడు బతికుండంగ మారుమనువేంది?" అని మైసమ్మ కస్సుమన్నది.

తిరుమల అత్తతో వాదించలేదు. బస్సెక్కి కాలేజీకి వచ్చి ల్యాబ్ మెట్ల మీద కూర్చుంది.

"నువ్వు జూపిచ్చినవ్. నువ్వే తేల్చు," అన్నది మరిదితో. "నిజంగ ఉన్నడంటే సచ్చిందాక గా ఇంట్లనే ఉంట. లేడంటే నన్ను పోనియ్యి."

ఆ శనివారం మధ్యాహ్నం పిల్లలు వెళ్లిపోయాక పరమేష్ ఇద్దరినీ లోపలికి పిలిచాడు. మైసమ్మ చెప్పులు బయట విడిచి, మిషన్‌కు దండం పెట్టి కూర్చుంది. తిరుమల తలుపు దగ్గరే నిలబడింది. పరమేష్ రెండక్షరాలు కొట్టాడు. సోమయ్య బతికున్నాడా? యెస్.

"సూసినవా?" అని మైసమ్మ కోడలి వైపు తిరిగింది. ఆ గెలుపులో ఆమెకు ఇంకో ఆశ పుట్టింది. "మీ బాపును గూడ అడుగు బిడ్డా."

తండ్రి నారయ్య పోయి అప్పటికే చాలా ఏళ్లయింది. పరమేష్ మీటల మీంచి చేతులు తీశాడు. "బాపు సంగతి మనకెరికే గదనే."

"అడుగంటున్న."

అడిగాడు. నారయ్య బతికున్నాడా? చుక్క.

యెస్.

తన వెనక ఎవరో వచ్చి నిలబడ్డట్టు పరమేష్‌కు అనిపించింది. తిరిగి చూడటానికి భయమేసింది.

"ఏమంటుంది?"

అబద్ధం చెప్పొచ్చు. ఒకసారి చెప్పినవాడికి రెండోది ఎంత సేపు? తలుపు దగ్గర నిలబడ్డ వదినను చూశాడు.

"బాపు గూడ ఉన్నడంటుంది. నేను రాయలే అవ్వా. సచ్చిపోయినట్టు రాయకుంటే అందరు ఉన్నరనే అంటది. అన్న సంగతి గూడ గంతే. దానికేం ఎర్క లేదు. నాకూ ఎర్క లేదు."

మైసమ్మ తన రెండు చేతులు చూసుకుంది. "నారయ్యకు గీ చేతులతోని నీళ్లు పోసిన," అన్నది మెల్లగా. కొంగు సర్దుకుని, "రాయి," అన్నది.

నారయ్యది రాశాడు. సోమయ్య చనిపోయాడు అని కూడా రాశాడు గాని చుక్క దగ్గర వేలు ఆగిపోయింది. మిషన్ ఎదురుచూస్తూ ఊరుకుంది.

"ఏమైంది?"

"చుక్క పెట్టాలె."

"ఏడున్నది?"

చూపించాడు. ఎన్నడూ మీట ముట్టని మైసమ్మ, పొయ్యిలో నిప్పు తాకినంత భయంగా వేలు ఆనించి నొక్కింది. పరమేష్ ఎంటర్ కొట్టి మళ్లీ అడిగాడు. సోమయ్య బతికున్నాడా? నో. ఇంగ్లీషు రాకపోయినా కొడుకు ముఖం చూసి ఆమెకు అర్థమైంది. తిరుమల వచ్చి అత్త పక్కన నేల మీద కూర్చుని, ఆమె మోకాళ్ల మీద తల పెట్టి ఏడ్చింది.

ఆ వారంలోనే గడ్డిబొమ్మకు కాష్టం పెట్టారు. నెల దాటాక తిరుమల బొంగులూరు వెళ్లిపోయింది. పంపేటప్పుడు మైసమ్మే ఒళ్లో బియ్యం పోసింది.

ఆ శనివారం తర్వాత వచ్చిన సోమవారం పరమేష్ ఎప్పట్లాగే తాళం తీసి, మిషన్ పెట్టి, రెండక్షరాలు కొట్టాడు. సోమయ్య బతికున్నాడా? యెస్.

తల్లి పెట్టిన చుక్క ఆ పూటకే. మిషన్ ఆపడంతో అది పోయింది. సార్ ముందే చెప్పాడు. ఫైల్ తెరిచి కింద ఒక్క వరస కలిపితే శాశ్వతంగా తీరిపోతుంది. తెరిచాడు. నారయ్యది కలిపాడు. రెండో వరస కలపడానికి చెయ్యి రాలేదు. ఊరు చంపింది, తల్లి ఒప్పుకుంది, భార్య తాళి తీసేయబోతున్నది. తను కూడా రాసేస్తే అన్న ఉండటానికి ఇంకెక్కడా చోటు లేదనిపించింది.

అట్లాగని ఉన్నాడనే వదిలేస్తే తల్లికీ వదినకూ చెప్పింది అబద్ధమవుతుంది, అదీ పాపమే. అందుకే రోజూ పొద్దున మిషన్ లేపుతాడు. యెస్ అన్న జవాబును కాసేపు చూస్తాడు. తర్వాత, పిల్లలు వచ్చేలోగా, సోమయ్య చనిపోయాడని కొట్టి తన వేలితోనే చుక్క పెడతాడు. మర్నాడు అన్న మళ్లీ వచ్చి కూర్చుంటాడు.

ఆదివారం ల్యాబ్‌కు సెలవు. ఆ ఒక్కరోజు తమ్ముడు అన్నను చంపనక్కర్లేదు.