కారు తాళంలో గంధం

జ్ఞానాంబా లాడ్జి ధనంజయ శెట్టికి భక్తి ఎంతో కోపమూ అంతే. రెండూ పొద్దున్నే స్నానంతో మొదలవుతాయి. తిరుపతి రైల్వేస్టేషన్ ఎదురు సందులో ఆ లాడ్జి, దాని ముందు ఇరవై ఏళ్ల నాటి అంబాసిడర్, ఆ కారుకు పదకొండేళ్లుగా డ్రైవరు ఓబయ్య. శెట్టికి కారు నడపడం రాదు. నేర్చుకోవలసిన అవసరం ఓబయ్య రానివ్వలేదు.

ఎనభై మూడులో దసరా వెళ్లిన పదోరోజు, చిత్తూరు నుంచి వచ్చిన వియ్యంకుణ్ణి కాళహస్తికి తీసుకుపోదామని అందరూ కారెక్కి కూర్చున్నారు. ఓబయ్య తాళంచెవి పెట్టి తిప్పాడు. తిరగలేదు. రెండోసారి కాస్త గట్టిగా తిప్పితే అది పుటుక్కున విరిగి సగం లోపలే ఉండిపోయింది.

వియ్యంకుడి ముందర జరగడమే శెట్టికి ఒళ్లు మండించింది. "దొంగ తాళం చేయించుకొని నేను లేనప్పుడు బాడుగలకు తిప్పుతా ఉండావురా. అందుకే అరిగి విరిగింది. పదకొండేళ్లు దొంగకు కూడు పెట్టినాను" అని సందంతా వినబడేట్టు అరిచాడు. టీకొట్టు దగ్గర గ్లాసులు పట్టుకున్నవాళ్లు తాగడం మానేసి చూశారు. ఓబయ్య తుండుతో మొహం తుడుచుకుని, మిగిలిన ముక్కను కారు ముందు బానెట్ మీద పెట్టి వెళ్లిపోయాడు. వియ్యంకుడు కాళహస్తికి బస్సులో పోయాడు.

మధ్యాహ్నం మెకానిక్ ప్రేమానందం వచ్చాడు. బ్యాటరీ తీగ ఊడదీసి, డాష్‌బోర్డు వెనక చెయ్యి దూర్చి ఇగ్నిషన్ లాక్ బయటికి తీశాడు. అరుగు మీద పేపరు పరిచి, సన్న పటకారుతో విరిగిన ముక్కను లాగాడు. దాంతోపాటు పచ్చగా, అక్కడక్కడ ఎర్రగా, ఎండిన ముద్ద ఒకటి రాలింది. శెట్టి వంగేలోపే వాసన తెలిసిపోయింది.

"గంధం, కుంకుమ" అన్నాడు ప్రేమానందం. "దీంట్లో సన్న ఇత్తడి రేకులుంటాయి శెట్టిగారూ. తాళం పెడితే అవి ఆడల్ల. ఇట్ల గడ్డ కట్టుకుంటే యాడ ఆడతాయి? దొంగ తాళమూ లేదు, పాడూ లేదు."

"ఏటేటా ఆయుధపూజకు నా చేత్తోనే పెడతాను గదప్పా. ఎన్నడూ లేంది ఈ యేడు ఎట్లయింది?"

"ఏటేటా పూజ మరుసనాడు ఓబయ్య నా షెడ్డుకొచ్చి గుండుసూది, ఇంత పెట్రోలు తీసుకొని పోయి తాళం బొక్క కడుక్కొనేవాడు. ఈ యేడు రాలేదు. ఎందుకో నాకు తెలీదు."

ఎందుకో శెట్టికి తెలుసు. పూజ మరుసనాడు పొద్దున ఓబయ్య గుడ్డపేలికతో తాళం బొక్క దగ్గర తుడుస్తుంటే తాను చూశాడు. "పూజ చేసిన చోట నీ చెయ్యి పెడతావురా? మైల పడదా?" అన్నాడు. స్టీరింగు పట్టే చెయ్యి, తన పిల్లల్ని బడిముందు దించిన చెయ్యి, ఆ ఒక్క చోటికి వచ్చేసరికి మైలయింది. శెట్టికి తల కొట్టేసినట్టయింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. ఈయన నోరు పది రోజుల్లో రెండుసార్లు జారింది.

ప్రేమానందం రేకులన్నీ కడిగి, ఒక స్ప్రింగు మార్చి, విరిగిన రెండు ముక్కల్నీ కలిపి చూసుకుంటూ ఆకురాయితో కొత్త తాళంచెవి చేశాడు. సాయంత్రానికి కారు స్టార్టయింది. నడిపేవాడే లేడు.

మరునాడు శెట్టి చంద్రగిరి బస్సెక్కాడు. దిగి ఓబయ్య పల్లెకు మైలు దూరం నడిచాడు. పదకొండేళ్లలో ఎన్నడూ ఆ దారి తొక్కినవాడు కాదు. ఓబయ్య భార్య గంగులమ్మ మంచం వాల్చి, నీళ్లచెంబు పట్టుకుని గడపలోనే నిలబడింది. ఇస్తే తాగడేమోనని ఆమె సందేహం. "ఇయ్యమ్మా" అని శెట్టి తీసుకుని తాగాడు. తాగినందుకు తనను తానే మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు చూసుకుని మళ్లీ సిగ్గుపడ్డాడు.

"లోపల గంధం గడ్డ కట్టిందంట" అన్నాడు శెట్టి, ఎదురుగా నిలబడిన ఓబయ్య మొహం చూడకుండా.

"తెలుసు సామీ."

"తెలిస్తే ఆ పొద్దే చెప్పకూడదా?"

"మీ వియ్యంకులు కారులోనే ఉన్నారు గదా. మీ పూజ వల్లే విరిగిందని ఆయన ముందర ఎట్ల చెప్పేది? మీకు తలవంపులు."

దొంగ అని తిట్టించుకుంటూనే ఇతను తిట్టినవాడి పరువు చూశాడు. శెట్టికి మంచం మీద కూర్చోబుద్ధి కాలేదు. లేచి నిలబడి, "రేపట్నుంచి రా ఓబయ్యా" అన్నాడు.

"వస్తా సామీ. ఆ సందులో అందరూ నన్ను దొంగనుకుంటా ఉండారు. కాదని మీరు ఆడనే చెప్పల్ల. చెప్పినాకే నేను బండి ముట్టేది."

"చెప్తాను" అన్నాడు శెట్టి. ఆ ఇంట్లో ఆ మాట సులభంగానే వచ్చింది.

మర్నాడు ఎనిమిదింటికి ఓబయ్య ఉతికిన చొక్కా వేసుకొచ్చి కారు పక్కన నిలబడ్డాడు. టీకొట్టు దగ్గర ఎప్పటి జనమే ఉన్నారు. శెట్టి మెట్లు దిగాడు. తాళంచెవి ఇవ్వబోతూ, "బాగయింది, ఎక్కప్పా" అన్నాడు.

ఓబయ్య చెయ్యి చాచలేదు.

శెట్టి ఇంకా దగ్గరికి జరిగి, మూడోవాడికి వినబడకుండా, "నువ్వు దొంగవు కాదప్పా. తప్పు నాదే" అన్నాడు.

ఓబయ్య ఆయన్నే చూస్తూ, "ఆ పొద్దు ఇంత మెల్లగా అనలేదు గదా సామీ" అన్నాడు.

శెట్టి టీకొట్టు వైపు తిరిగాడు. కోపమొస్తే సందంతా నింపే గొంతు, ఇప్పుడు నాలుగడుగులు దాటడానికి రెండుసార్లు దగ్గాల్సి వచ్చింది. తర్వాత చెప్పాడు. ఓబయ్య తలుపు తీసి లోపల కూర్చునేదాకా ఆయన తల పైకెత్తలేదు.